చెక్క ఒలిచిన చేతులే కాపలా

అయ్యప్ప మాల వేసుకుని, నలభై ఒక్క రోజుల దీక్ష చేసి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని వెళ్లొచ్చిన స్వాములు మన ఊళ్లలో వీధికి పదిమంది ఉంటారు. దారి ఎలా ఉందని వాళ్లను అడిగి చూడండి. ఎరుమేలిలో పేట తుళ్లి ఆడిన సంగతి చెబుతారు. అళుదా నదిలో మునిగి రాయి తీసుకున్నామంటారు. కరిమల ఎక్కేటప్పుడు పిక్కలెలా పట్టేశాయో పూసగుచ్చినట్టు చెబుతారు. పులుల అడవి మధ్య నుంచి నడిచొచ్చామన్న మాట మాత్రం అంత తేలిగ్గా ఎవరి నోటా రాదు.

పెద్దపాదం దారిలో అళుదా దాటాక వచ్చే అడవీ, సన్నిధానం చుట్టూ కనిపించే కొండలూ పెరియార్ టైగర్ రిజర్వ్‌లోవే. మొత్తం 925 చదరపు కిలోమీటర్లు. 1950లో అభయారణ్యమైంది, 1978లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఈ అడవికి పడమటి గుమ్మం పంప. అది మనవాళ్లకు బాగా తెలుసు. తూర్పు గుమ్మం తేక్కడి. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది హనీమూన్ జంటలూ, మున్నార్ ప్యాకేజీలో భాగంగా ఒక పూట బోటెక్కి వెళ్లిపోయేవాళ్లూ. ఈ కథనం ఎక్కువగా ఆ తూర్పు గుమ్మం దగ్గరి మనుషుల గురించి. ఒకప్పుడు ఈ అడవిని దోచినవాళ్లే ఇప్పుడు దానికి కాపలా. వినడానికి సినిమా కథలా ఉంటుంది కానీ, దాని వెనక ఉన్నది హృదయ పరివర్తన కన్నా ముందు అప్పుల లెక్క.

తేక్కడిని ఆనుకుని ఉన్న ఊరు కుమిళి. తమిళనాడు వైపు నుంచి వస్తే కంబం లోయలో పన్నీర్ ద్రాక్ష తోటలు, లోయర్ క్యాంపులో కొండ మీంచి దిగే లావుపాటి నీళ్ల గొట్టాలు, ఆపైన ఘాట్ రోడ్డు, మలుపులు, కోతులు, చెక్‌పోస్టు. చెక్‌పోస్టు దాటగానే యాలకుల వాసన. బజారంతా మసాలా కొట్లే. కంబం, తేని, బోడి చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మవారూ, రాజకంబళం నాయకర్లూ ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి కొండ కింద టీకొట్టు దగ్గర మన మాట చెవిన పడితే ఉలిక్కిపడక్కర్లేదు. వాళ్ల తెలుగు మనకు సగమే అర్థమవుతుంది, అది వేరే సంగతి.

అందరూ చూడటానికి వచ్చే సరస్సు సహజమైంది కాదు. పెరియార్ నదికి అడ్డంగా ముల్లపెరియార్ డ్యామ్ కట్టింది బ్రిటిష్ ఇంజనీరు పెన్నీక్విక్. 1886లో తిరువాంకూరు రాజుతో 999 ఏళ్ల లీజు రాయించుకుని, 1895 నాటికి పని ముగించారు. పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలిసే నీళ్లను సొరంగంలో తూర్పుకు మళ్లించి, మదురై వైపు కరువు నేలకు పంపారు. కేరళకూ తమిళనాడుకూ ఆ డ్యామ్ మీద ఈ రోజుకీ తగవు తెగలేదు. నీళ్లు నిండినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు శతాబ్దం దాటినా అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద నీటికాకులూ, పాముమెడ పక్షులూ రెక్కలారబెట్టుకుంటూ ఉంటాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఒడ్డున కొత్త గడ్డి మొలుస్తుంది. ఏనుగులు, అడవిదున్నలు, కణుజులు దానికోసం దిగుతాయి. ఒడ్డున జంతువులు కనబడతాయన్న ఆశతోనే జనం బోటెక్కుతారు. 2009 సెప్టెంబరు 30న ‘జలకన్యక’ అనే బోటు ఇక్కడే ఒరిగి 45 మంది చనిపోయారు.

ఆ బోట్ల పర్యాటకం ఈ ఊరికి ఎప్పటినుంచో ఉంది. హోటళ్లకూ, బోట్లు నడిపేవాళ్లకూ దానివల్ల డబ్బొచ్చింది. సరస్సు ఒడ్డున పుట్టిన మన్నాన్, పళియన్ గిరిజనులకు వచ్చింది తక్కువ.

అడవి చెక్క, కంబం బేరం

మన్నాన్‌లు తమ మూలాలు మదురైలో ఉన్నాయని చెప్పుకుంటారు. కట్టప్పన దగ్గర కోవిళ్‌మలలో వాళ్లకు ఇప్పటికీ ఒక రాజు ఉన్నాడు, రాజమన్నాన్ అంటారు. వాళ్ల కూత్తులో, అంటే ఆటపాటల నాటకంలో, ఆడేది తమిళ కావ్యంలోని కోవలన్, కణ్ణగిల కథ. పళియన్‌లు అంతకన్నా పాతకాపులు. తేనె, దుంపలు, చేపల మీద బతికినవాళ్లు. 1940లలో అడవి లోపలి గుడిసెల నుంచి వీళ్లను కుమిళి అంచుకు తెచ్చి కుదిర్చారు. మన్నాకుడి, పళియకుడి అన్న వాడలు అలా వచ్చినవే. ఇంటికి కొంత నేల ఇచ్చారు. ఆ నేలలో మిరియాల తీగ పాకించారు. మిరియం మంచి పంటే. అయితే పంట చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, ఆకలి వేసేది రోజూ. వానాకాలంలో బియ్యం అయిపోతే కుమిళి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్లు. బదులుగా తీగ మీద పిందె కూడా పడకముందే పంట రాసిచ్చేవాళ్లు. ఒక ఏడాది బాకీ మరో ఏడాదికి పాకేది. కొన్నాళ్లకు తోట వాళ్లదే, మిరియం మాత్రం వ్యాపారిది. తెలంగాణలోనో రాయలసీమలోనో పత్తి రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన కథ కాదు.

రెండో గుంపు వేరు. కుమిళి చుట్టూ భూమి లేని కూలీలు, యాలకుల తోటల్లో పని దొరకని కుర్రాళ్లు. వీళ్లు అడవిలోకి వెళ్లేది వయన చెక్క కోసం. వయన అంటే అడవి దాల్చిని. మనం బిర్యానీలో వేసుకునే దాల్చినచెక్కకు దగ్గరి చుట్టం. నాలుగైదు రోజులకు సరిపడా బియ్యం మూటకట్టుకుని లోపలికి పోవడం, కొండ గుహల్లో పడుకోవడం, చెట్టు చుట్టూ బెరడు వలిచి ఎండబెట్టడం, గోనెల్లో నింపి రాత్రిపూట కొండ దాటించి తమిళనాడు వైపు దళారికి అమ్మడం. చుట్టూ బెరడు పోయిన చెట్టు నిలువునా ఎండిపోతుంది. దారిలో కడుపు నింపుకోవడానికి చిన్నాచితకా వేట. దొరికితే కేసు. కేసుకు లాయరు, లాయరుకు ఫీజు, ఫీజుకు మళ్లీ ఆ దళారి దగ్గరే అప్పు, ఆ అప్పుకు మళ్లీ చెక్క. గార్డు తరిమేది అడవిలో, వీళ్లను అసలు తరిమింది బజారులో కూర్చున్నవాడు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఏ వాగు దగ్గర పులి తిరుగుతుందో, ఏ మలుపు దగ్గర ఏనుగుల గుంపు అడ్డం పడుతుందో, చీకట్లో ఏ రాయి పట్టుకుని దిగాలో ఈ చెక్క దొంగలకు తెలిసినంతగా యూనిఫాం వేసుకున్నవాళ్లకు తెలియదు. బదిలీ మీద వచ్చిన రేంజరు మూడేళ్లకు వెళ్లిపోతాడు. వీళ్లు పుట్టింది పెరిగింది అక్కడే.

1996లో ‘ఇండియా ఎకోడెవలప్‌మెంట్ ప్రాజెక్ట్’ మొదలైంది. ప్రపంచ బ్యాంకు, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ డబ్బుతో దేశంలో ఏడు అడవులను ఎంచుకున్నారు. గిర్, రణథంబోర్, నాగరహొళె, పెంచ్, పలామూ, బక్సా, పెరియార్. ఆలోచన అన్నిచోట్లా ఒకటే: అడవి అంచున బతికేవాళ్లకు వేరే ఆధారం చూపిస్తే అడవి మీద బరువు తగ్గుతుంది. ఊరూరా ఎకోడెవలప్‌మెంట్ కమిటీలు, అందరూ పిలిచేది ఈడీసీ అని, పెట్టారు. ఖర్చులో పావు వంతు డబ్బుగానో పనిగానో ఊరివాళ్లు భరించాలి. చాలాచోట్ల కుట్టుమిషన్లు, గ్యాస్ స్టవ్‌లు, గేదెలు పంచారు. కొన్నిచోట్ల ప్రాజెక్ట్ ముగిసిన 2004 తర్వాత కమిటీ బోర్డులు మాత్రమే మిగిలాయి. పెరియార్‌లో అలా కాలేదు.

నా లెక్కలో కారణం ఒక్కటే. ఇక్కడివాళ్లు ముందు గేదెలు పంచలేదు, ముందు అప్పు తీర్చారు. మన్నాకుడి, పళియకుడి తోటల మీద వ్యాపారులకున్న బాకీలను ఈడీసీ డబ్బుతో విడిపించి పంటను ఇంటివాళ్ల చేతికి తెచ్చారు. తర్వాతనే కలిసి అమ్మడం, తూకం, ధర. విడివిడిగా కిలోల లెక్కన బజారుకు తీసుకెళ్తే వ్యాపారి చెప్పిందే ధర, అందరి బస్తాలూ ఒక్క లారీలో వెళ్తే మాట్లాడే నోరు వస్తుంది. కొండకు మరో వైపు వంచివయల్‌లోని ఊరాళి గిరిజన కుటుంబాలు ఇంకో మెట్టెక్కాయి. మందులు కొట్టని మిరియానికి సర్టిఫికెట్ తెచ్చుకుని జర్మనీకి ఎగుమతి చేశాయి. అడవి అంచున ఉంటూ రసాయనాలు కొనే స్తోమత ఎన్నడూ లేనివాళ్లకు ఆ లేమే ధర తెచ్చిపెట్టింది.

చెక్క ముఠా సంగతీ అంతే. ఇరవైమందికి పైగా ఉన్న ఆ గుంపుతో అటవీ అధికారులు బేరానికి కూర్చున్నారు. కేసులు ఎత్తేయిస్తాం, నెలనెలా కూలి గ్యారంటీ, బదులుగా అడవిలో మీ దారులన్నీ చూపించాలి, మిగతా ముఠాలను పట్టించాలి. వాళ్లు పట్టించారు. ‘ఎక్స్ వయన బార్క్ కలెక్టర్స్ ఈడీసీ’ అని రిజిస్టరులో పేరే అలా రాశారు, ‘మాజీ చెక్క దొంగల సంఘం’ అన్నట్టుగా. గతాన్ని దాచుకోకుండా బోర్డు మీద పెట్టిన సంఘం నాకు తెలిసి మరొకటి లేదు. ఇప్పుడైతే ఆ గతమే వాళ్ల పెట్టుబడి. పర్యాటకుడు డబ్బిచ్చేది దొంగదారిలో దొంగ వెంట నడవడానికే.

ఐదుగురి వెనక ఐదుగురు

ఆ నడకకు టైగర్ ట్రెయిల్ అని పేరు. ఒక జట్టుకు ఐదుగురు అతిథులే. వాళ్లకు ఐదుగురు గైడ్లు, తుపాకీతో ఒక ఫారెస్ట్ గార్డు. ఒక రాత్రి లేదా రెండు రాత్రులు అడవిలో డేరాల్లో పడుకుని రావాలి. డేరాలు మోసేదీ, వంట చేసేదీ, రాత్రి నిప్పు దగ్గర మేలుకుని ఉండేదీ ఆ గైడ్లే. వండేది అన్నం, సాంబారు, అప్పడం. మెనూ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఒకప్పుడు చెక్క మూటలతో దిగిన దారుల్లోనే నడిపిస్తారు. బెరడు ఒలిచిన పాత చెట్ల మచ్చలు వాళ్లు చూపిస్తేనే మనకు కనబడతాయి.

పులి కనబడుతుందా? దాదాపుగా కనబడదు. చెట్టు మొద్దు మీద గోళ్ల గీతలు, బురదలో అడుగు, దూరం నుంచి కణుజు అరుపు, అంతవరకే. నల్ల కొండముచ్చులు, చెట్టు మీద పిల్లి అంత ఉండే బెట్టుడుత, అదృష్టముంటే వాగులో నీటికుక్కల గుంపు, గడ్డి మైదానంలో రేచుకుక్కలు. పులిని ఫోటో తీసుకోవాలన్న పంతం ఉన్నవాళ్లు రణథంబోర్ వెళ్లడం మంచిది.

అతిథులు చూస్తున్నది బెట్టుడుతను. గైడ్లు చూస్తున్నది మరోదాన్ని: కొత్తగా నరికిన కొమ్మ, పొదలో వైరుతో వేసిన ఉచ్చు, బూడిద, బీడీ ముక్క, తమది కాని చెప్పుల జాడ. ఈ ఏర్పాటులో తెలివంతా ఇక్కడుంది. పర్యాటకుల నడకే గస్తీ. అడవి గుండెలో ప్రతి వారం మనుషులు తిరుగుతూనే ఉంటారు, ఆ తిరుగుడు ఖర్చు ప్రభుత్వం కాదు, బెంగళూరు నుంచో లండన్ నుంచో వచ్చినవాళ్లు భరిస్తారు. అతిథులు లేని వానాకాలంలో గైడ్లు తుపాకీ గార్డుతో ఉత్త గస్తీకి వెళ్తారు, కూలి ఆగదు. టికెట్ డబ్బులో జీతాలు పోగా మిగిలింది సంఘం నిధికి చేరుతుంది. పిల్ల పెళ్లికో, ఆపరేషనుకో అప్పు కావాలంటే అందులోంచే. దళారి గుమ్మం ఎక్కక్కర్లేదు.

నాకు నచ్చిన మరో పని వెదురు తెప్పలది. పొద్దున ఎనిమిదికి బయల్దేరి, సరస్సు ఒడ్డు వెంట నడిచి, చేత్తో కట్టిన వెదురు తెప్ప ఎక్కి, మోళ్ల మధ్య తెడ్డు వేసుకుంటూ పోయి సాయంత్రానికి తిరిగొస్తారు. ఇంజను చప్పుడుండదు. పెద్ద గుంపును ఒకేసారి నీళ్ల మీదికి తీసుకుపోయే పెద్ద బోటుకూ, పదిమందితో కదిలే ఈ తెప్పకూ ఉన్న తేడా సైజులో మాత్రమే కాదు, డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్నదానిలో కూడా. మన్నాన్, పళియన్ కుర్రాళ్ల గైడ్ల సంఘం పొద్దుటి నడకలకు తీసుకెళ్తుంది. మన్నాకుడిలో చిన్న గిరిజన మ్యూజియం నడుపుతున్నారు. పాత చేపల బుట్టలు, ఉచ్చులు, వాయిద్యాలు ఉంటాయి. పావుగంట చాలు.

సరిహద్దు అవతలి తమిళ పల్లెలది వేరే తలనొప్పి. ఇటువైపు ముఠాలు మారినా, కంబం, గూడలూరు వైపు నుంచి చందనం కోసం, వేట కోసం వచ్చేవాళ్లు ఆగలేదు. అడవికి రాష్ట్రం తెలియదు గానీ ఫారెస్ట్ శాఖకు తెలుసు. తమిళనాడు మనిషికి కేరళ శాఖ పని ఇవ్వాలంటే ఫైలు కదలాలి. 2000ల దశకంలో ఆ ఫైలూ కదిలింది. అటువైపు మాజీ స్మగ్లర్లతో ‘విడియల్’ అనే సంఘం ఏర్పడింది. తమిళంలో తెల్లవారడం అని అర్థం. సరిహద్దు గట్టు వెంబడి నడిచే ట్రెక్కులు వాళ్లవి. ఆ గట్ల మీదే ఉంది మంగళాదేవి గుడి, కణ్ణగి కోవెల. ఏడాదిలో చిత్రా పౌర్ణమి ఒక్క రోజే తెరుస్తారు. ఆ రోజు రెండు రాష్ట్రాల జనం, రెండు రాష్ట్రాల పోలీసులూ కొండెక్కుతారు.

ఇక వసంతసేన. 2002లో మొదలైంది. ఈడీసీ కుటుంబాల్లోని ఆడవాళ్లు సుమారు వందమంది వంతులు వేసుకుని రోజుకు ఆరుగురి చొప్పున కుమిళి వైపు అడవి అంచున గస్తీ తిరుగుతారు. వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, చేతికర్రతో బయల్దేరుతారు. అంతకుముందు కట్టెల మోపుల కోసం అదే అంచుకు వెళ్లినవాళ్లే వీళ్లలో చాలామంది. చందనం చెట్ల లెక్క వాళ్లకు నోటికి వచ్చు. ఈ పనికి వాళ్లకు కూలి లేదు, స్వచ్ఛందం. వ్యాసాల్లో, అవార్డు సభల్లో అందరూ ఈ ముక్కను గర్వంగా చెబుతారు. నాకు మాత్రం ఇక్కడ ఒక పేచీ ఉంది. మగవాళ్ల గస్తీకి టికెట్ డబ్బుల్లోంచి జీతం ఏర్పాటు చేయగలిగిన శాఖ, ఆడవాళ్ల గస్తీ దగ్గరికి వచ్చేసరికి సేవ అనుకుని ఎందుకు ఊరుకుంది? ఇంటి చాకిరీకి లెక్క కట్టని అలవాటు అడవి దాకా పాకిందేమో.

పంప వైపు

ఇప్పుడు మనవాళ్లు నడిచే పడమటి గుమ్మానికి వద్దాం. నవంబరు మధ్య నుంచి జనవరి మకరజ్యోతి దాకా ఆ అడవిలోకి దిగే జనాన్ని లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. ఒకప్పుడు దారి పొడవునా కొట్లు పెట్టింది బయటి కాంట్రాక్టర్లు. పాకకు గుంజలు అడవిలోవి, పొయ్యికి కట్టెలు అడవిలోవి, ఎంగిలాకులూ సీసాలూ మళ్లీ అడవిలోకే. సీజను అయ్యాక కాంట్రాక్టరు వెళ్లిపోయేవాడు. స్థానికులకు మిగిలేది బోసిపోయిన చోటు.

ఈడీసీలు ఇక్కడికీ వచ్చాయి. ‘స్వామి అయ్యప్పన్ పూంకావనం’ అనే పేరుతో అంచు పల్లెలవాళ్ల సంఘాలకు ఆ కొట్లు అప్పగించారు. షరతులు రెండు మూడే: కట్టెల పొయ్యి కాదు, గ్యాసే వాడాలి, చెత్త ఎత్తాలి, దారి పక్కన అడవికి పూచీ మీదే. టీ, నిమ్మరసం, గంజి, విరి (పడక) వేసుకోవడానికి చోటు, ఇవే అమ్మకాలు. పెద్దపాదంలో స్వామీ అని పిలిచి నిమ్మరసం గ్లాసు అందించిన మనిషి చాలాసార్లు ఇలాంటి సంఘం సభ్యుడే. రెండు నెలల సీజను వాళ్లకు ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క.

అయినా చెత్త సమస్య తీరిందనుకుంటే పొరపాటు. ఏనుగు పెంటలో ప్లాస్టిక్ సంచులు కనబడుతూనే ఉన్నాయి. ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టొద్దని కేరళ హైకోర్టు దాకా వెళ్లి చెప్పించాల్సి వచ్చింది. పంపలో బట్టలు వదిలేస్తే పుణ్యమన్న నమ్మకం శాస్త్రంలో ఎక్కడుందో ఎవరూ చూపించలేదు, అయినా నల్లబట్టలు టన్నుల్లో తీస్తున్నారు. తిట్టడానికి ఇది బాగుంటుంది కానీ, ఇరుముడి కట్టే చోటు మన ఊరి గుడి. అక్కడ పసుపు, కుంకుమ, అటుకులు చిన్న ప్లాస్టిక్ కవర్లలో పోసి కట్టేది మన కొట్టువాళ్లే. ఆ పని ఆగాల్సింది పంపలో కాదు, గుంటూరులో, కరీంనగర్‌లో.

డబ్బు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు పెరియార్ ఇచ్చిన జవాబు దేశమంతా పాకింది. 2004లో ప్రాజెక్ట్ నిధులు ఆగిపోయే వేళకు కేరళ ప్రభుత్వం పెరియార్ ఫౌండేషన్ అనే ట్రస్టు పెట్టింది. అంతవరకూ గేటు దగ్గర వసూలైన ప్రతి రూపాయీ ఖజానాకు పోయేది, అడవికి తిరిగి రావాలంటే బడ్జెట్ దయ. ఇప్పుడు సందర్శకుల రుసుంలో ఒక భాగం సర్‌చార్జిగా నేరుగా ట్రస్టుకు, అక్కడి నుంచి సంఘాలకు. 2006లో వన్యప్రాణి రక్షణ చట్టాన్ని సవరించినప్పుడు 38ఎక్స్ సెక్షన్‌లో ప్రతి టైగర్ రిజర్వ్‌కూ ఇలాంటి ఫౌండేషన్ ఉండాలని రాశారు. మన రెండు రాష్ట్రాల రిజర్వ్‌లకూ ఈ సెక్షనే వర్తిస్తుంది.

పొగడ్త ఇక్కడితో ఆపాలి. డెబ్బైకి పైగా ఉన్న ఈ సంఘాల్లో అధ్యక్షుడు సభ్యుల్లోంచి ఎన్నికవుతాడు, కార్యదర్శి మాత్రం ఫారెస్ట్ ఉద్యోగి. చెక్కు మీద రెండో సంతకం అతనిది. మంచి అధికారి ఉన్నంతకాలం అది అండ. మరో రకం వాడు వస్తే అదే పగ్గం. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు అడవి మీద హక్కు ఇచ్చింది. ఈడీసీ ఇచ్చింది అనుమతి. అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, హక్కును అలా తీసుకోలేరు. గైడు ఇరవై ఏళ్ల తర్వాతా గైడే. కుమిళిలో గది అద్దె రాత్రికి వేలల్లో వసూలు చేసే రిసార్టుల్లో మన్నాన్ వాటాదారు ఎక్కడా కనబడడు.

పర్యాటకుల మీద ఆధారపడిన బతుకుకు మరో భయం. 2018 ఆగస్టు వరదల్లో ఇడుక్కి దారులు తెగిపోయాయి, పంపలో త్రివేణి ఆనవాలు లేకుండా పోయింది. రెండేళ్లకు కోవిడ్. గేటు మూసేస్తే టికెట్ లేదు. అప్పుడు ఆదుకున్నది సంఘం నిధిలో దాచినదీ, తోటలో మిరియమూ. పర్యాటకమొక్కటే చాలనుకుని మిరియం వదిలేసిన సంఘం ఏదైనా ఉండుంటే దాని గతి ఊహించుకోవచ్చు.

ఇడుక్కి అంతా అడవికి దండం పెడుతోందనుకోవడమూ తప్పే. రక్షిత అడవుల చుట్టూ కిలోమీటరు మేర ఎకో సెన్సిటివ్ జోన్ ఉండాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అన్నప్పుడు జిల్లా హర్తాళ్‌తో స్తంభించింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించింది. యాలకుల రైతుకు ఏనుగంటే ముచ్చట కాదు, తొక్కిన తోట. సంఘంలో సభ్యత్వం లేనివాడికి అడవి వల్ల వచ్చేది నష్టమే, వాడి నోట సంరక్షణ మాట రాదు.

నల్లమల దగ్గరికి వస్తే పోలిక దానంతట అదే వస్తుంది. 1983లో మొదలైన నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వ్ రాష్ట్ర విభజన తర్వాత రెండు ముక్కలై, తెలంగాణ వైపుది అమ్రాబాద్ అయింది. అక్కడా గుడి ఉంది, నడక ఉంది. ఉగాదికి, శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి వేలమంది నడుస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగుతారు. కొన్ని ఏళ్లలో కుమిళి కొండ మీద కణ్ణగి గుడి తెరిచేదీ ఆ పున్నమికే. బేస్ క్యాంపుల్లో ఉచ్చులు ఏరేవాళ్లు చెంచులు. బైర్లూటి క్యాంపులో అతిథులకు అన్నం పెట్టేదీ వాళ్లే. సలేశ్వరంలో లింగమయ్యకు పూజ చేసేది చెంచు పూజారి. మనుషులున్నారు, తెలివి ఉంది, చట్టంలో ఫౌండేషనూ ఉంది. తేనెకూ, జిగురుకూ 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. పెరియార్ నుంచి తెచ్చుకోవాల్సింది తెప్పల డిజైను కాదు. చెంచుపెంటలో ఎవరికి ఎంత బాకీ ఉందో ముందు రాసుకునే అలవాటు తెచ్చుకోవాలి. పర్యాటకుల కాటేజీ ఆ తర్వాత కట్టుకోవచ్చు.

వెళ్లాలనుకునేవాళ్లకు: సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయంలో దించుతుంది. అక్కడి నుంచి కుమిళికి బస్సులో కొండదారి, సుమారు 110 కిలోమీటర్లు. మదురై నుంచైతే కంబం మీదుగా రావచ్చు. వానాకాలంలో జలగలుంటాయి, వాటికి గుడ్డ మేజోళ్లు వాళ్లే ఇస్తారు. ఎర్రటి, తెల్లటి చొక్కాలు, సెంట్లు వద్దంటారు. హోటల్ కౌంటరులో కాకుండా రిజర్వ్ సొంత బుకింగ్‌లోనే టికెట్ తీసుకోండి, మధ్యలో కమిషన్ పోదు. టైగర్ ట్రెయిల్‌కు మాత్రం నెలల ముందే చూసుకోవాలి. పదిమంది స్నేహితులు కలిసి వెళ్తే రెండు జట్లుగా, రెండు వేర్వేరు తేదీల్లో వెళ్లాల్సి రావచ్చు. ఆరో మనిషిని చేర్చుకోమని ఎంత బతిమాలినా చేర్చుకోరు.